అమ్మోనైట్ల చుట్టు ఎట్ల పోల్చాలె? నా దగ్గర మూడు రాళ్ళున్నయ్

హన్మకొండ_గుట్టరాయి
అందరికి నమస్తే. జర పెద్ద పోస్టే, తిట్టకుండ్రి. అమ్మోనైటంటే ఎన్నడో అంతరించిన సముద్ర జీవి, దాని చుట్టు తిరిగిన గుల్ల రాయిగ మారి దొరుకుతది. మా తాత ఎప్పుడో ముక్తినాథ్ పోయినప్పుడు ఒక సాలగ్రామం తెచ్చిండు, నల్లరాయి, రెండు చిప్పల లెక్క విడిపోతది, లోపల పాము చుట్ట చుట్టుకున్నట్టు కనవడ్తది. తాత పోయినంక బాపమ్మ నాకిచ్చింది. రెండోది నేను ఆన్‌లైన్ల కొన్న, మడగాస్కర్‌ది, నడిమికి కోసి పాలిష్ చేసింది, లోపల అర్రలు అర్రలుగ గాజు తీర్గ మెరుస్తది. మూడోది దోస్తుగాడు నిర్మల్ దిక్కు పోయి చేనుగట్టు మీద దొరికిందని తెచ్చిచ్చిండు, తెల్లటి గట్టి రాయి, దాంట్ల బొటనవేలు గోరంత చుట్టు.
మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మూడు మూడు తీర్లున్నయ్, కని ఏం తేడా అని ఎవరన్న అడిగితే 'ఇది జర విప్పినట్టున్నది, అది జర మూసినట్టున్నది' అనుడు తప్ప నోట్లెకెళ్ళి మాట వస్తలేదు. ఆకారాన్ని సరిగ్గ చెప్పేతందుకు ఏమన్న పద్ధతున్నదా?

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్
ఉన్నది తమ్మీ. మూడే మూడు ప్రశ్నలు వేసుకో. ఒకటి, చుట్టు తిరిగినకొద్ది ఎంత జల్ది పెద్దగైతున్నది. రెండు, నడుమ బొడ్డు ఎంత వెడల్పున్నది, దాన్ని ఇంగ్లీషుల అంబిలికస్ అంటరు, అర్థం బొడ్డు కిందికే వస్తది. మూడు, పక్కకెళ్ళి చూస్తే లావా సన్నమా. ఈ మూడు చెప్పినవంటే ఫోటో లేకున్న అవతలోడు బొమ్మ గీస్తడు.
బొడ్డు వెడల్పు, చుట్టుమీద చుట్టు అట్ల ఆనించినట్టుగ ఉంటే పాము చుట్ట రకం, డాక్టిలియోసెరాస్ గట్లుంటది. బొడ్డు దాదాపు మూసుకపోయి, గుల్ల సన్నగ అంచు కత్తి లెక్క ఉంటే ఆక్సికోన్. బొడ్డు మూసుకపోయి గుల్ల బంతి లెక్క ఉబ్బితే స్ఫీరోకోన్, కచ్ఛ్‌ల దొరికే మాక్రోసెఫలైటిస్ ఆ దిక్కు పోతది. వెడల్పు బొడ్డుండి లావుగ పీపా లెక్కుంటే కాడికోన్. పేర్లు గుర్తుండకున్న ఏం గాదు, ఒకదాంట్లకెళ్ళి ఇంకోదాంట్లకు మెల్లగ జారుతనే ఉంటయ్, నడుమ గోడలేం లేవు.

సకినాల_అక్క_జగిత్యాల
నాకు రాళ్ళ సంగతి తెల్వది కని పాము చుట్ట రకం అంటే మన సకినమే కదా 😀 గుడ్డ మీద చుట్టుకుంట పోతం, మూడు నాలుగు చుట్లు, ఒకదానికొకటి ఆనుకొని.

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్
అక్కా చూపుకు సకినమే, కని ఒక్క కాడ తేడా వస్తది. నీ వేళ్ళ నడుమకెళ్ళి పిండి మొదలుకెళ్ళి ఆఖరి దాక ఒక్కటే లావు వస్తది, అవునా? అందుకే సకినంల చుట్టుకు చుట్టుకు నడుమ దూరం ఒక్కటే ఉంటది. అమ్మోనైట్‌ల జీవి పెరుగుతున్నకొద్ది దాని మూతి సుత పెద్దగైతది, అందుకని ప్రతి చుట్టు అంతకుముందు దాన్ని ఒక లెక్కతోని గుణించినట్టు పెరుగుతది, కూడినట్టు గాదు. సకినం కూడిక, అమ్మోనైట్ గుణకారం. డాక్టిలియోసెరాస్‌ల గుణకారం మస్తు మెల్లగ నడుస్తది గాబట్టి సకినం లెక్క కనవడ్తది, అంతే.

పొట్టేలు_కొమ్ము_కరీంనగర్
మరి పేరేమో పొట్టేలు కొమ్ముకెళ్ళి వచ్చింది. ఈజిప్టుల అమ్మోన్ దేవునికి పొట్టేలు కొమ్ములుంటయ్, రోమన్ రచయిత ప్లినీ ఈ రాళ్ళను అమ్మోను కొమ్ములని రాసిండు. మా ఇంట్ల గొర్లున్నయ్ గాబట్టి చెప్తున్న, పొట్టేలు కొమ్ము ఒక్క బల్లపరుపు మీద తిరగదు, తిరుగుకుంట పక్కకు జరుగుతది. మామూలు అమ్మోనైటేమో పళ్ళెంల పెట్టినట్టు చదునుగ తిరుగుతది. పేరు పెట్టినాయన గొర్లు కాసినోడు గాదు.

కాజీపేట_ఎల్లో_సిగ్నల్
ఆ పక్కకు జరుగుడుకు సుత ఒక కొలత ఉన్నది అన్నా. 1966ల డేవిడ్ రౌప్ అనే అమెరికా శాస్త్రవేత్త చుట్టు తిరిగిన గుల్లలన్నిటిని నాలుగు లెక్కలల్ల పట్టిండు. చుట్టు పెరిగే వేగం డబ్ల్యూ, నడిమి ఇరుసుకెళ్ళి చుట్టు ఎంత దూరమున్నదో డీ, మూతి ఆకారం ఎస్, ఇరుసు పొంటి కిందికి జారేది టీ. నత్తలకు టీ ఎక్కువ, మామూలు అమ్మోనైట్లకు టీ సున్న. ఆ కాలంల కంప్యూటర్ల గుల్లల బొమ్మలు గీయించిండు, నేను సుత పోయినేడు చిన్న ప్రోగ్రాం రాసి చూసిన, నాలుగు నంబర్లు మారిస్తే అమ్మోనైట్ పోయి నత్త వస్తది, నత్త పోయి ఆల్చిప్ప వస్తది, రాత్రి రెండైనా పండబుద్ధి గాలే.
గమ్మత్తేందంటే డబ్ల్యూ ఒక దిక్కు, డీ ఒక దిక్కు పెట్టి గ్రాఫ్ గీస్తే నడుమకెళ్ళి ఒక వంపు గీత వస్తది, డీ = 1/డబ్ల్యూ. ఉదాహరణకు డబ్ల్యూ 2 అనుకో, డీ 0.5 ఉంటే చుట్లు ఒకదానికొకటి సరిగ్గ తాకుతయ్, 0.3 ఉంటే కొత్త చుట్టు పాతదాని మీదికెక్కి కప్పేస్తది, 0.6 ఉంటే నడుమ సందు పడ్తది. అమ్మోనైట్లు దాదాపు అన్ని చుట్లు తాకే దిక్కే ఉన్నయ్. సందున్న దిక్కు వింత ఆకారాలోళ్ళే, మిగిలిన జాగ ఎక్కువ మటుకు ఖాళి.

హన్మకొండ_గుట్టరాయి
అర్థమైంది సగం. మడగాస్కర్ రాయిని కొలిచిన. అడ్డంగ మొత్తం వెడల్పు 82 మిల్లీమీటర్లు, బొడ్డు 15, ఆఖరి చుట్టు ఎత్తు 40. ఒక కాడ డబ్ల్యూ లెక్కకు సూత్రం దొరికింది, వ్యాసంలకెళ్ళి మూతి ఎత్తు తీసేసి, దాంతోని వ్యాసాన్ని భాగించి, వచ్చింది వర్గం చెయ్యాలంట. 82ని 42తోని భాగిస్తే 1.95, వర్గం 3.81. బరాబరేనా?

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్
గాదు. అమ్మోనైట్‌కు దూరపు చుట్టమైన, ఇప్పటికి బతికున్న గుల్ల జీవి నాటిలస్‌కే 3 దగ్గర వస్తది, దానికన్న జల్ది విప్పుకునే అమ్మోనైట్ నీ చేతికెట్ల వచ్చింది? నువ్వు ఆఖరి చుట్టు ఎత్తు పూర్తిగ కొలిచినవ్, అంటే బయటి అంచుకెళ్ళి బొడ్డు అంచు దాక. దాంట్ల లోపలి చుట్టును కప్పేసిన భాగం సుత వచ్చింది. సూత్రంల కావాల్సింది బయటి అంచుకెళ్ళి, దాని కిందున్న పాత చుట్టు వీపు దాక మాత్రమే. కోసిన రాయి గాబట్టి నీకు ఆ వీపు సాఫ్‌గ కనవడాలె, మళ్ళ కొలువు. అందరు చేసే తప్పే ఇది, నేను సుత చేసిన.

హన్మకొండ_గుట్టరాయి
27 వచ్చింది అన్నా. 82ని 55తోని భాగిస్తే 1.49, వర్గం 2.22. బొడ్డు 15 బై 82, అంటే 0.18.
ఇగ సాలగ్రామం. ఇది కోసింది గాదు, లోపలి చుట్టు వీపు కనవడ్తలేదు, ఎట్ల?

భద్రకాళి_కట్ట
బాబూ ఏమనుకోకు, పూజల పెట్టుకునే సాలగ్రామానికి స్కేలు పెట్టి కొలుసుడు మంచిగ అనిపిస్తలేదు. పెద్దోళ్ళు దాన్ని సుదర్శనమనో, లక్ష్మీనారాయణమనో చక్రాలను చూసి పేరు పెట్టిండ్రు, అది వాళ్ళ లెక్క. ఈ లెక్క ఎందుకు దానికి?

హన్మకొండ_గుట్టరాయి
బాపమ్మను అడిగినంకనే ముట్టుకున్న సార్. తానం చేసి రా, గుడ్డ మీద పెట్టు, ఇనుము తాకియ్యకు అన్నది. దారంతోని కొలిచి ఆ దారాన్ని స్కేలు మీద పెట్టిన.

పొట్టేలు_కొమ్ము_కరీంనగర్
బాపమ్మకు దండం 🙏

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్
సార్ పెద్దోళ్ళు చక్రాలను చూసి రకాలు విడగొట్టుడు సుత ఆకారాలను పోల్చుడే కదా, మనకన్న ఎన్నో వందల ఏండ్ల ముందే. కోపం వద్దు.
తమ్మీ, వీపు కనవడకుంటే ఇంకో తొవ్వ ఉన్నది. నడుమ చుక్కకెళ్ళి మూతి దిక్కు అంచు దాక ఒక దూరం, అదే చుక్కకెళ్ళి సరిగ్గ ఎదురు దిక్కు అంచు దాక ఇంకో దూరం కొలువు. పెద్దదాన్ని చిన్నదాంతోని భాగించి వర్గం చెయ్యి. సగం చుట్టుల పెరిగింది తెలిస్తే పూరా చుట్టుల పెరిగింది తెలుస్తది.

హన్మకొండ_గుట్టరాయి
36.5, 27.5. వర్గం చేస్తే 1.76. వ్యాసం 64, బొడ్డు 27, అంటే 0.42. ఇప్పుడు నోట్లెకెళ్ళి మాట వస్తుంది. సాలగ్రామం మెల్లగ విప్పుకుంటది, బొడ్డు వెడల్పు. మడగాస్కర్‌ది జల్ది విప్పుకుంటది, బొడ్డు చిన్నది. ఖతం!

కాకతీయ_పాత_స్టూడెంట్
ఖతం కాలేదు బాబూ, ఇప్పుడే షురూ. నేను చదివింది జియాలజీనే, చేసింది వేరే కొలువు, ఇప్పుడు రిటైరై ఖాళీగా ఉన్నాను, అందుకే ఈ పోస్టులన్నీ చదివాను.
నీ సాలగ్రామం కాళీగండకి లోయది అయ్యుంటుంది. అక్కడి స్పితి షేల్ అనే నల్లటి పొరల మట్టిరాయిలో, గట్టి ఉండల్లో ఇవి దొరుకుతాయి, జురాసిక్ చివరివి, దాదాపు 15 కోట్ల ఏళ్ళవి. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. బొడ్డు వెడల్పుగా ఉండి, ఉబ్బు గీతలు బయటి అంచు దగ్గర రెండుగా చీలుతుంటే బ్లాన్‌ఫోర్డిసెరాస్ లాంటిది అనుకోవచ్చు, ఆ కొండల్లో అది మామూలే. మడగాస్కర్‌వి కోసి అమ్మేవాటిలో చాలామటుకు క్లియోనిసెరాస్ పేరుతో వస్తాయి, క్రెటేషియస్‌వి, దాదాపు 11 కోట్ల ఏళ్ళు. అంటే నీ బల్ల మీద ఆ రెంటికి నడుమ నాలుగు కోట్ల ఏళ్ళ తేడా ఉంది.
ఇక మూడోది అమ్మోనైట్ కాదేమోనని నా అనుమానం. నిర్మల్ దగ్గర సముద్రపు రాయి ఎక్కడిది? అక్కడుండేది దక్కన్ లావా, లావా పొరకు లావా పొరకు నడుమ చెరువుల మట్టి. మూతిని నీ దిక్కు, మొన పైకి పెట్టి చూడు, రంధ్రం ఏ పక్కకు ఉంది?

హన్మకొండ_గుట్టరాయి
ఎడమకు సార్. మొన సుత ఉన్నది, చదునుగ లేదు. నేను పైకెళ్ళి చూసి చుట్టనుకున్న.

కాకతీయ_పాత_స్టూడెంట్
అయితే ఫైసా, మంచినీళ్ళ నత్త. ఎడమ చుట్టు దాని గుర్తు. నిర్మల్ కొండల నత్త శిలాజాల గురించి మాల్కంసన్ అనే ఆయన రాసింది 1840లోనే లండన్‌లో అచ్చయింది. అమ్మోనైట్ గుల్లలో అర్రలుంటాయి, అడ్డుగోడలుంటాయి, జీవి ఆఖరి అర్రలో మాత్రమే ఉంటుంది, మిగతా అర్రల్లో గాలి నింపుకొని తేలుతుంది. నత్త గుల్ల ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకటే గొట్టం. చుట్టు కొలిచే ముందు ఈ సంగతి చూడాలి.

భద్రకాళి_కట్ట
ఎడమ చుట్టు అంటే గుర్తొచ్చింది, దక్షిణావర్త శంఖం అని వేలకు వేలు పెట్టి కొంటరు చూడు, సైన్సోళ్ళ లెక్కల అదే ఎడమ చుట్టు. మనం మొన కిందికి పెట్టి చూస్తం, వాళ్ళు మొన పైకి పెట్టి చూస్తరు. శంఖం ఒక్కటే.

మంచిర్యాల_ఇసుకరాయి
అంటే మన ఉత్తర తెలంగాణల అమ్మోనైట్ దొరకదా?? మా దిక్కు అన్ని దొరుకుతయ్ కదా, డైనోసార్ బొక్కలు దొరికినయ్, కోటసారస్ అనే డైనోసార్ మన దిక్కే దొరికింది, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా మ్యూజియంల నిలబెట్టిండ్రు.

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్
మనది నదుల రాయి తమ్మీ. ప్రాణహిత గోదావరి లోయల బొగ్గు, దాని మీద ఇసుకరాయి, అన్ని నదులు చెరువులు అడవులు పెట్టిన మట్టే. బొగ్గుబాయిల మాకు రాయిగ మారిన గ్లోసాప్టెరిస్ ఆకులు వస్తయ్, నాలుక ఆకారంల, ఆకు ఈనెలు సుత కనవడ్తయ్. ఓరుగల్లు దిక్కు పోతే ఇంకా పాత గ్రానైట్, దాంట్ల ఏ గుల్లా ఉండదు. తెలుగు నేల మీద అమ్మోనైట్ కావాలంటే కోస్తా పోవాలె, ఒంగోలు దిక్కు బూదవాడ, అటు పడమటి గోదావరి రాఘవాపురం షేల్. బూదవాడ పేరు మీద ఒక అమ్మోనైటే ఉన్నది, పాస్కోయిటిస్ బూదవాడెన్సిస్, 1933ల స్పాత్ అనేటాయన పెట్టిండు.

మంచిర్యాల_ఇసుకరాయి
ఊరి పేరు మీద అమ్మోనైట్! మా ఊరికి బస్సే సక్కగ రాదు.

కాజీపేట_ఎల్లో_సిగ్నల్
నాకొక డౌట్. గుట్టరాయి తమ్ముని కొలతలల్లనే ఇంకేదన్న అమ్మోనైట్‌కు డబ్ల్యూ 1.76, బొడ్డు 0.42 వచ్చిందనుకో, అవి రెండు ఒక్క జాతేనా? అంటే చుట్టు ఒక్కటైతే చుట్టాలేనా?

కాకతీయ_పాత_స్టూడెంట్
కాదు, ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇదే. చుట్టు ఒక్కటైనంత మాత్రాన చుట్టరికం రాదు. అమ్మోనైట్ల వంశం డెవోనియన్ అనే పాత యుగంలో మొదలై 6.6 కోట్ల ఏళ్ళ కింద ఆగిపోయింది, అంటే 30 కోట్ల ఏళ్ళకు పైనే నడిచింది. అంత కాలంలో సన్నటి కత్తంచు గుల్ల ఒక్కసారి కాదు, వేరువేరు కుటుంబాల్లో మళ్ళీ మళ్ళీ పుట్టింది, పాము చుట్ట కూడా అంతే. ఆకారం బతుకుతెరువును బట్టి వస్తుంది, వంశాన్ని బట్టి మాత్రమే కాదు.
వంశం చూడాలంటే అడ్డుగోడ గుల్లకు అతుక్కున్న కుట్టు గీత చూడాలి. పాత గోనియటైట్లలో అది వంకరటింకరగా, జిగ్‌జాగ్‌గా ఉంటుంది. వాటి తర్వాత వచ్చిన సెరటైట్లలో గీత కొండలా లేచినచోట నున్నగా, లోయలా దిగినచోట రంపం పళ్ళలా ఉంటుంది. తర్వాతి అమ్మోనైట్లలో ముగ్గు ఆకుల్లా చీలికమీద చీలిక. నీ మడగాస్కర్ రాయిని కోసిన దిక్కు కాదు, వెనక దిక్కు తిప్పి చూడు, ఆకుల డిజైన్ కనిపిస్తుంది. నాటిలస్‌లో ఆ గీత ఉత్త వంపు.
ఇంకో గుర్తు, అర్రల గుండా పోయే సన్న గొట్టం. నాటిలస్‌లో అడ్డుగోడ నడిమిలో ఉంటుంది, అమ్మోనైట్లలో దాదాపు అన్నిటికీ బయటి అంచుకు. క్లైమెనియా అనే పాత గుంపులో మాత్రం లోపలి అంచుకు.

హన్మకొండ_గుట్టరాయి
తిప్పి చూసిన సార్. ఉన్నయ్! నేను అవి పాలిష్ చేసేటప్పుడు పడ్డ మరకలనుకున్న, కొన్నోనితోని కొట్లాట పెట్టుకున్న 😅

సకినాల_అక్క_జగిత్యాల
😂😂

పొట్టేలు_కొమ్ము_కరీంనగర్
నేను రెండేండ్ల కింద కచ్ఛ్ పోయినప్పుడు ఒక సంగతి చూసిన, చెప్తే పనికొస్తదేమో. ఒక్కటే బండల పక్కపక్కన ఒకటి లావుగ బంతి లెక్క, ఒకటి అప్పడం లెక్క. రెండు జాతులనుకున్న. మాతోని వచ్చినాయన అన్నడు, అప్పడం లెక్కున్నది మెత్త మట్టిల పడి పైన బరువుకు నలిగింది, లావుది గట్టి ఉండల ఉన్నది గాబట్టి అట్లనే మిగిలిందని. మొదటి కొలతకన్న ముందు రాయి దాన్ని ఎంత నలిపిందో చూడాలంట. పక్కకు నలిగితే గుండ్రంది కోడిగుడ్డైతది, అప్పుడు ఏ దిక్కు కొలిస్తే ఆ దిక్కు వేరే డబ్ల్యూ.

కాకతీయ_పాత_స్టూడెంట్
మంచి మాట. నలగకపోయినా మోసం ఉంటుంది. ఒక్కటే జాతిలో లావు గుల్లకు ఉబ్బు గీతలు మొరటుగా, సన్న గుల్లకు గీతలు సన్నగా, ఈ రెండూ కలిసి మారుతుంటాయి, దాన్ని బక్‌మన్ నియమం అంటారు. ఇది పట్టించుకోక పాతకాలంలో ఒక్క జాతికే డజన్ల కొద్ది పేర్లు పెట్టారు. ఇంకోటి, పెద్ద గుల్ల, చిన్న గుల్ల, లోపలి చుట్లు అచ్చం ఒక్కటే, ఆఖరి చుట్టు మాత్రం వేరు. వాటిని వేరు జాతులనే అనుకున్నారు, 1960ల మొదట్లో పోలెండ్‌లో మకోవ్‌స్కీ, ఇంగ్లండ్‌లో కాలోమన్ ఇవి ఆడ మగ జంటలని చెప్పేదాకా. పెద్దది ఆడదనే ఎక్కువమంది నమ్మకం. చాలావాటిలో చిన్నదాని మూతికి రెండు పక్కల చెవుల్లాంటి తొడుగులు కూడా ఉంటాయి.

కాజీపేట_ఎల్లో_సిగ్నల్
మరి ఆకారం బతుకుతెరువంటే ఏంది సార్, సన్నగుంటే జోరుగ ఈదుతదా?

కాకతీయ_పాత_స్టూడెంట్
సగం నిజం. 1992లో జేకబ్స్ అనే శాస్త్రవేత్త నీళ్ళ రాపిడి లెక్కలు కట్టాడు. పెద్దగా ఉండి జోరుగా పోయేవాటికి సన్న గుల్ల లాభం, చిన్నగా ఉండి మెల్లగా పోయేవాటికి లావు గుల్లే తక్కువ ఖర్చు. 2022లో యూటా యూనివర్సిటీవాళ్ళు 3డీ ప్రింట్ చేసి మోటరు పెట్టిన అమ్మోనైట్ రోబోలను నీళ్ళలో వదిలారు. సన్నవి నేరుగా బాగా పోయాయి, లావువి ఉన్నచోటనే సులువుగా తిరిగాయి. అన్నింట్లో గెలిచే ఆకారం లేదన్నమాట. కత్తంచు గుల్ల మళ్ళీ మళ్ళీ ఎందుకు పుట్టిందో, దాని పక్కనే బంతి గుల్ల కూడా ఎందుకు బతికిందో ఆ రోబోలను చూస్తే తెలుస్తుంది.

మంచిర్యాల_ఇసుకరాయి
వింత ఆకారాలన్నరు కదా, అవేంటియి?

కాజీపేట_ఎల్లో_సిగ్నల్
చుట్టు విప్పుకున్నోళ్ళు. బాకులైటిస్ పుట్టినప్పుడు చిన్న చుట్టు, తర్వాత కట్టె లెక్క సక్కగ. టర్రిలైటిస్ నత్త లెక్క గోపురం. స్కాఫైటిస్ మొదలు బుద్ధిగ చుట్టుకొని ఆఖర్ల కొక్కెం లెక్క ఒంగుతది. నిప్పోనైటిస్ అయితే జపాన్‌ల 1904ల యాబే పేరు పెట్టిండు, దారం ఉండ పిల్లి ఆడుకున్నట్టుంటది, రోగం వచ్చిన గుల్ల అనుకున్నోళ్ళు సుత ఉన్నరు, కని మళ్ళ మళ్ళ అదే తీర్గ వంకరలు దొరికినయ్, లెక్క ప్రకారమే తిరుగుతది. నా ప్రోగ్రాంల ఇది ఇంతవరకు వస్తలేదు, రౌప్ నాలుగు నంబర్లు దీనికి సరిపోవు.

హన్మకొండ_గుట్టరాయి
అక్కా నీ సకినం సుత కొలిచిన, బాపమ్మ నిన్ననే చేసింది. నడుమకెళ్ళి చుట్టు చుట్టుకు దూరం 16, 24, 32, 40 మిల్లీమీటర్లు. 24 బై 16 అంటే 1.5, తర్వాత 1.33, తర్వాత 1.25. తగ్గుకుంట పోతుంది! సాలగ్రామంల లోపలి చుట్టు కాడ సుత మళ్ళ కొలిచిన, 1.7 దగ్గర్నే వచ్చింది. గోదారిఖని అన్న చెప్పిన కూడిక గుణకారం ఇప్పుడు కండ్లకు కనవడ్డది.

సకినాల_అక్క_జగిత్యాల
నేను అమ్మోనైట్ సకినం చేసి చూసిన తమ్మీ, ప్రతి చుట్టుకు పిండి లావు పెంచుకుంట. రెండు చుట్లు మంచిగనే వచ్చినయ్. మూడో చుట్టు నా బొటనవేలంత లావైంది, నూనెల ఏస్తే పైన ఎర్రగైంది లోపల పచ్చి పిండే ఉన్నది, తీసేటప్పుడు నడిమికి ఇరిగింది. మా అత్తమ్మ వచ్చి చూసి ఇదేం సకినం, మురుకు చెయ్యబోయినవా అన్నది. ఫోటో పెడ్త ఆగుండ్రి, నాలుగో చుట్టు దాక అయితే కడాయే సాలదు.